సున్నా రూపాయల టికెట్ ఎందుకు కొడతారు?

(విశాఖపట్నం, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆఫీసులు వదిలే వేళ ట్రాఫిక్ దాటుకుని ఇంతమంది వచ్చారు, సంతోషం.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ప్రయాణం ఉచితం. రూపాయి ఇవ్వక్కర్లేదు. అయినా కండక్టర్ ఆధార్ కార్డో ఓటర్ కార్డో చూసి, మిషన్ నొక్కి, సున్నా రూపాయల టికెట్ చింపి చేతిలో పెడుతున్నారు. డబ్బే లేనప్పుడు టికెట్ ఎందుకు? నిలబడడానికి చోటు లేని బస్సులో ఆ కాగితం, ఆ సమయం, ఆ తోపులాట ఎందుకు?

లక్సెంబర్గ్ అనే చిన్న దేశం 2020 ఫిబ్రవరి 29న దేశమంతటా బస్సులు, ట్రాములు, రైళ్లలో రెండో తరగతి ప్రయాణాన్ని ఉచితం చేసింది. అక్కడ టికెట్టే లేదు. ఎక్కడం, దిగడం, అంతే. మన దగ్గర ఉచితం అందరికీ కాదు, అన్ని బస్సుల్లోనూ కాదు. ఎంతమంది ఆడవాళ్లు ఎక్కారో, మామూలుగా అయితే వాళ్లు ఎంత చార్జీ ఇచ్చేవారో ఆర్టీసీ ప్రభుత్వానికి చూపించాలి. ఆ సొమ్ము సంస్థకు తిరిగి రావాలంటే లెక్క కావాలి. సున్నా టికెట్ ఆ లెక్క కోసం.

టికెట్ అంటే మనం డబ్బు కట్టామనడానికి రుజువు అనుకుంటాం. అది నిజమే కానీ సగమే. డబ్బు పుచ్చుకున్న మనిషి దాన్ని సంస్థకు సరిగ్గా అప్పగించాడా లేదా అని తేల్చడం రెండో సగం, ఇంకా పెద్ద సగం. చార్జీల వసూలులో వచ్చిన యంత్రాలు, కార్డులు, యాప్‌లు చాలావరకు ముందు ఈ రెండో అవసరానికే వచ్చాయి. ప్రయాణికుడి సౌకర్యం ఆ తర్వాత వచ్చింది. కొన్నిసార్లు అసలు రాలేదు. టికెటింగ్ సాఫ్ట్‌వేర్ పనిలో చాలా ఏళ్లు ఉన్నవాణ్ని కనుక ఈ మాట నమ్మకంగా చెప్పగలను. విశాఖకు మెట్రో రాకముందే దాని టికెట్ గురించి మాట్లాడుకోవాలని నేను పట్టుబట్టడానికి కారణం కూడా ఇదే.

మొదట రైలు దగ్గరికి వెళ్దాం. ఇంగ్లండులో రైళ్లు కొత్తగా వచ్చినప్పుడు టికెట్లు చేత్తో రాసి ఇచ్చేవారు. గుమస్తా ఒక్కొక్కటీ రాసేసరికి క్యూ పెరిగిపోయేది. రోజు మొత్తంలో ఎన్ని రాశాడో, ఎంత వసూలైందో పోల్చి చూడడానికి గట్టి ఆధారం ఉండేది కాదు. థామస్ ఎడ్మండ్‌సన్ అనే ఆయన చెక్క సామాన్ల వ్యాపారంలో దివాలా తీసి, న్యూకాసిల్-కార్లైల్ రైల్వేలో ఒక చిన్న స్టేషన్ మాస్టరుగా చేరాడు. 1830ల చివర్లో ఆయన చిన్న అట్టముక్కల మీద ఊళ్ల పేర్లు, వరస నంబర్లు ముందే అచ్చు వేయించాడు. అమ్మేటప్పుడు ఒక చిన్న యంత్రంలో పెట్టి తేదీ గుద్దితే చాలు. సాయంత్రం మొదటి నంబరు, చివరి నంబరు చూస్తే ఎన్ని అమ్మారో తేలిపోతుంది. ఆ పద్ధతి వాడుకున్నందుకు రైల్వే కంపెనీల నుంచి మైలుకి ఏడాదికి పది షిల్లింగుల చొప్పున తీసుకున్నాడు. ప్రయాణికుల సంఖ్య మీద కాదు, మైళ్ల మీద. ఆయన అమ్మింది అట్టముక్కను కాదు, లెక్క తప్పని పద్ధతిని.

ఇక్కడున్న పెద్దవాళ్లు ఆ అట్టముక్క టికెట్లు కొన్నవాళ్లే. వాల్తేరు స్టేషన్ కౌంటరులో టక్కుమని తేదీ గుద్ది ఇచ్చేవారు. ఎడ్మండ్‌సన్ పద్ధతి దాదాపు నూట యాభై ఏళ్లు మన రైల్వేలో నడిచింది. 1980ల మధ్య నుంచి రిజర్వేషన్లు కంప్యూటర్ మీదికి వచ్చాయి, 2002లో ఐఆర్‌సీటీసీ ఇంటర్నెట్‌లో అమ్మకం మొదలుపెట్టింది. అదంతా మీకు తెలిసిందే.

బస్సు, ట్రాము సంగతి ఇంకా చిక్కు. రైలు టికెట్ కౌంటరులో అమ్ముతారు, పక్కనే పైఅధికారి ఉంటాడు. బస్సులో టికెట్ అమ్మే మనిషి కదిలే బండిలో ఒంటరిగా ఉంటాడు. 1870ల్లో బెల్ పంచ్ అనే పరికరం వచ్చింది. కండక్టర్ టికెట్‌కు చిల్లు పెట్టినప్పుడల్లా లోపల గంట మోగుతుంది. చిల్లు పెట్టగా ఊడిన ముక్క పరికరం లోపలే పడిపోతుంది. ఒక్కో ధరకు ఒక్కో రంగు టికెట్ కాబట్టి, సాయంత్రం ఆఫీసులో ఆ రంగుల ముక్కలు లెక్కపెట్టి కండక్టర్ ఎంత కట్టాలో తేల్చేవారు. గంట మోగకపోతే ప్రయాణికుడే అడుగుతాడు. అంటే కండక్టర్ మీద నిఘాకి ప్రయాణికుణ్ని కూడా వాడుకున్నారు.

మన ఆర్టీసీలో గంట లేదు గానీ అదే ఆలోచన ఉంది. 1932లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా విభాగంగా 27 బస్సులతో మొదలై, 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ అయిన సంస్థ మనది. మిషన్లు రాకముందు కండక్టర్ చేతిలో ట్రే ఉండేది. అందులో రంగురంగుల టికెట్ కట్టలు. ఒక్కో ధరకు ఒక కట్ట, ప్రతి టికెట్ మీదా వరస నంబరు. స్టేజీ మారిన ప్రతిసారీ కండక్టర్ అన్ని కట్టల్లో పైనున్న నంబర్లు ఎస్సార్ అనే లెక్కల కాగితంలో రాసుకోవాలి. మద్దిలపాలెం నుంచి తగరపువలస దాకా ఎన్ని స్టేజీలో మీకు తెలుసు. బస్సు కిక్కిరిసి ఉంటుంది, ఒక చేత్తో రాడ్ పట్టుకోవాలి, ఇంకో చేత్తో రాయాలి. ఆ మధ్యలో చెకింగ్ స్క్వాడ్ ఎక్కితే బస్సులోని తలలకీ, ఎస్సార్‌లోని నంబర్లకీ, సంచీలోని డబ్బుకీ పొంతన కుదరాలి. కుదరకపోతే కండక్టర్ ఉద్యోగానికే ముప్పు. చిన్న మొత్తం తేడాకే సస్పెండ్ అయి, ఏళ్ల తరబడి కేసులతో తిరిగినవాళ్లున్నారు. ఈ కాగితాల పద్ధతి మోసాన్ని ఎంత ఆపిందో అంతే గట్టిగా నిజాయితీపరుల్నీ నలిపింది. దీన్ని మనం మరిచిపోకూడదు.

ఇక చిల్లర. ఇది తెలియని బస్సు ప్రయాణికుడు ఉండడు. కండక్టర్ టికెట్ వెనకాల ఇవ్వాల్సిన బాకీ రాసిచ్చేవారు. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. జనంలో ముందు డోరు నుంచి దిగిపోతే ఆ డబ్బు పోయినట్టే. ఇద్దరికి కలిపి ఒక నోటిచ్చి "బయట మార్చి పంచుకోండి" అనడమూ మామూలే. ముక్కూ మొహం తెలియని ఇద్దరు బస్టాపులో నిలబడి టీ కొట్టులో చిల్లర కోసం వెతుక్కునేవారు. చార్జీలను ఐదు రూపాయల గుణకాలకు సర్దడానికి ఈ చిల్లర బాధ కూడా ఒక కారణం. అలా సర్దిన ప్రతిసారీ అంకె పైకి వెళ్లినంత సులువుగా కిందికి రాదు. చెల్లింపు పరికరం చిన్న మొత్తాల్ని పట్టలేకపోతే చార్జీయే దానికి తగ్గట్టు మారిపోతుంది. న్యూయార్క్‌లో 1953లో సబ్‌వే చార్జీ 10 సెంట్ల నుంచి 15 సెంట్లకు పెరిగినప్పుడు గేట్లు రెండు నాణేల్ని తీసుకోలేకపోయాయి. అందుకని టోకెన్ తెచ్చారు. అది యాభై ఏళ్లు ఉండిపోయింది.

తర్వాత టిమ్ మిషన్లు, అంటే చేతిలో పట్టుకుని టికెట్ కొట్టే మిషన్లు వచ్చాయి. కండక్టర్ ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ నొక్కితే చార్జీ మిషనే వేస్తుంది, కాగితం వస్తుంది. కట్టల నంబర్లు రాసే బాధ పోయింది. నా దృష్టిలో కండక్టర్ల జీవితంలో వచ్చిన నిజమైన మేలు ఇది. సంస్థకు వచ్చిన మేలు ఇంకా పెద్దది. ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కి ఎక్కడ దిగుతున్నారో, ఏ ట్రిప్పు నిండుగా వెళ్తోందో, ఏది ఖాళీగా వెళ్తోందో ప్రతి టికెట్‌తో పాటు నమోదవుతుంది. అదే మిషన్ ఇంకో పని కూడా చేసింది. టికెట్ కొట్టడం ఇంత సులువైంది కదా, డ్రైవరే కొట్టొచ్చు కదా అనే ఆలోచన పుట్టించింది. కొన్ని సర్వీసుల్లో మిషన్ డ్రైవర్ చేతికి వెళ్లింది. విజయనగరం, శ్రీకాకుళం నాన్‌స్టాప్‌లకైతే కింద కౌంటరులోనే టికెట్ ఇచ్చి పంపుతారు, అందులో తప్పు లేదు. కానీ దారి పొడవునా జనాన్ని ఎక్కించుకునే బస్సులో డ్రైవరే టికెట్లు కొట్టాలంటే, అది ఆయనకు టెన్షన్, బస్సులో ఉన్నవాళ్లకు ప్రమాదం. యంత్రం పనిని తేలిక చేసినప్పుడు ఆ తేలికంతా మనిషిని తీసేయడానికే వాడితే నేను దాన్ని ప్రగతి అనలేను.

ఇప్పుడు కార్డు కథ. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే మన మెట్రో నిర్ణయాలు చాలావరకు దీని మీదే ఆధారపడతాయి.

శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని బార్ట్ రైలు 1972 నుంచే అయస్కాంత పట్టీ ఉన్న టికెట్లు వాడింది. అవి గేటులోకి దూరి బయటికి రావాలి, పట్టీ అరిగిపోతుంది, గేటు లోపల ఇరుక్కుంటుంది. దీన్నుంచి బయటపడేసింది తాకితే చాలనే కార్డు. అందులో బ్యాటరీ ఉండదు. ప్లాస్టిక్ పొరల మధ్య సన్నని తీగ చుట్ట, ఒక చిప్ ఉంటాయి. గేటు మీది రీడర్ చుట్టూ విద్యుదయస్కాంత క్షేత్రం ఉంటుంది. కార్డు నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరికి రాగానే ఆ తీగలో కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతో చిప్ మేలుకుంటుంది. కార్డు, రీడర్ ఒకదాన్నొకటి రహస్య సంకేతాలతో పరీక్షించుకుంటాయి. కార్డులో రాసి ఉన్న నిల్వ చదివి, చార్జీ తీసేసి, కొత్త నిల్వ రాస్తారు. ఇదంతా అర సెకను లోపే. నెట్‌వర్క్ అక్కర్లేదు, బ్యాంకును అడగక్కర్లేదు.

హాంకాంగ్‌లో 1997 సెప్టెంబరు 1న వచ్చిన ఆక్టోపస్ కార్డు దీన్ని ఊరంతా వాడేలా చేసింది. రైలు, బస్సు, ఫెర్రీ, తర్వాత దుకాణాలు కూడా. లండన్‌లో 2003లో ఆయిస్టర్ వచ్చింది. మన దేశంలో ఢిల్లీ మెట్రో 2002 డిసెంబరులో మొదలైన రోజు నుంచే ఇలాంటి చిప్ ఉన్న టోకెన్లు, కార్డులు వాడింది. ఈ విషయంలో మనం ఎవరికీ వెనకబడలేదు.

అయితే నిల్వ కార్డులోనే ఉంటే ఆ కార్డు తాళం ఎంత గట్టిదన్న ప్రశ్న వస్తుంది. 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రపంచమంతా వాడుతున్న మైఫేర్ క్లాసిక్ చిప్ రహస్య సంకేతాన్ని ఛేదించారు. తయారీ సంస్థ ఆ పరిశోధనను అచ్చు కాకుండా ఆపమని కోర్టుకు వెళ్లింది. కోర్టు ఒప్పుకోలేదు. పరిశోధకుల్ని కాదు, బలహీనమైన తాళాన్ని మార్చాలన్నది నాకు ఆ ఉదంతంలో నచ్చిన సంగతి.

లండన్ ఆ తర్వాత ఇంకో మెట్టు ఎక్కింది. 2012 డిసెంబరులో బస్సుల్లో, 2014 సెప్టెంబరులో భూగర్భ రైళ్లలో మామూలు బ్యాంకు కార్డునే తాకించి వెళ్లనిచ్చింది. ఇందులో కార్డులో నిల్వ అంటూ ఏమీ ఉండదు. వీధి చివర కిరాణా కొట్టులో ఖాతా పెట్టుకున్నట్టే. మీరు ఎవరో కార్డు చెబుతుంది, రోజంతా ఎక్కడెక్కడ ఎక్కి దిగారో కేంద్రంలో రాసుకుంటారు, చివర్లో లెక్క కట్టి డబ్బు తీసుకుంటారు. దీనివల్ల ప్రయాణికుడికి నిజంగా ఒరిగేది ఒకటుంది. రోజుకు ఇంత మించి తీసుకోం అని పరిమితి పెట్టొచ్చు. పొద్దున్నే డే పాస్ కొనాలా వద్దా అని మీరు తేల్చుకోనక్కర్లేదు. నాలుగుసార్లు తిరిగితే కంప్యూటరే పాస్ ధర దగ్గర ఆపేస్తుంది. పాస్‌కి ఒకేసారి డబ్బు కట్టలేని కూలీకి ఇది చాలా పెద్ద న్యాయం. నెల పాస్ చవక అని అందరికీ తెలుసు. నెల మొదట్లో అంత డబ్బు చేతిలో ఉన్నవాడే దాన్ని కొనగలడు. లేనివాడు రోజూ ఎక్కువ చార్జీ ఇస్తూ పోతాడు.

అదే లండన్ 2014 జులైలో బస్సుల్లో నగదు తీసుకోవడం ఆపేసింది. అది మనం అనుసరించాల్సిన పని కాదని నా గట్టి అభిప్రాయం. ఫిషింగ్ హార్బర్ నుంచి తెల్లారకముందే బుట్టతో బస్సెక్కే అమ్మను తీసుకోండి. నిన్నటిదాకా ఆవిడ చీర కొంగులో ముడేసుకున్న డబ్బుతో ఎక్కేది, ఇప్పుడు గుర్తింపు కార్డు చూపించి ఎక్కుతోంది. రేపు మెట్రో గేటు దగ్గర ఫోన్ లేదని, కార్డులో నిల్వ లేదని ఆవిణ్ని ఆపితే ఆ గేటు ఎవరి కోసం కట్టినట్టు?

మన దగ్గరి ప్రస్తుత స్థితికి వద్దాం. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్ల రద్దు జరిగింది. ఆ తర్వాత కథ మీకు చెప్పక్కర్లేదు. గాజువాక, ఎన్‌ఏడీ, మద్దిలపాలెం షేర్ ఆటోల్లో కూడా డ్రైవర్ సీటు వెనకాల క్యూఆర్ స్టిక్కర్ ఉంటోంది. చిల్లర సమస్యకు ఇంత చవకైన పరిష్కారం ఇంతకుముందు రాలేదు. దానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

బస్సులో మాత్రం యూపీఐకి ఒక ఇబ్బంది ఉంది. మీ ఫోన్ నుంచి మీ బ్యాంకుకు, అక్కడి నుంచి యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐకి, అక్కడి నుంచి ఆర్టీసీ బ్యాంకుకు, చివరికి కండక్టర్ మిషన్‌కు కబురు రావాలి. రెండు చోట్లా సిగ్నల్ ఉండాలి. ఫోన్ తీసి, యాప్ తెరిచి, స్కాన్ చేసి, పిన్ కొట్టేసరికి ఒక్కొక్కరికి 15 సెకన్లు అనుకోండి. నలభై మందికి పది నిమిషాలు. స్టేజీ ఈలోపే దాటిపోతుంది. పాడేరు ఘాట్‌లో, అరకు దారిలో సిగ్నల్ పోతే అసలే కుదరదు. "డబ్బు కట్ అయింది" అని ప్రయాణికుడు, "నాకు రాలేదు" అని కండక్టర్. ఇద్దరిదీ నిజమే. ఆ క్షణంలో గొడవ పడాల్సింది మాత్రం వాళ్లిద్దరే. పిన్ లేకుండా చిన్న మొత్తాలు పంపే యూపీఐ లైట్ 2022లో వచ్చాక కొంత వేగం పెరిగింది, కానీ బస్సు దగ్గర అసలు చిక్కు అలాగే ఉంది.

దీనికి జవాబు మన దేశంలోనే ఉంది. 2019 మార్చి 4న మొదలైన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు. రూపే కార్డులోనే ప్రయాణాల కోసం విడిగా ఒక నిల్వ ఉంటుంది. నేను ఇందాక చెప్పినట్టు అది చిప్‌లోనే ఉంటుంది కాబట్టి సిగ్నల్ లేకపోయినా చెల్లుతుంది. ఒకే కార్డు ఏ ఊరి మెట్రోలోనైనా, బస్సులోనైనా పనిచేయాలన్నది దాని ఉద్దేశం. కొచ్చి మెట్రో 2017లోనే రూపే కార్డుతో ఈ దారి తొక్కింది. కార్డు మంచిదే, జనం చేతుల్లోకి తెచ్చే పనే నెమ్మదిగా ఉంది. బ్యాంకుకు వెళ్లి పత్రాలు నింపి తెచ్చుకోమంటే రోజుకూలీ తెచ్చుకోడు. పూర్ణా మార్కెట్ కిరాణా కొట్టులో, బస్టాపు పక్క పాన్ షాపులో సిమ్ కార్డు దొరికినంత తేలికగా దొరకాలి, అక్కడే నగదు ఇచ్చి నింపుకునేలా ఉండాలి. నగదు బస్సులో తగ్గినా ఊళ్లో నగదుకు దారి మూయకూడదు.

ఇక సమాచారం సంగతి. కాగితం టికెట్‌కు మీరెవరో తెలియదు. కార్డుకు, ఫోన్‌కు తెలుసు. మీరు రోజూ ఏ వేళకు ఎక్కడ దిగుతారో, ఏ ఆసుపత్రి స్టాపులో వారం వారం దిగుతున్నారో దానికి తెలుసు. హాంకాంగ్‌లో ఆక్టోపస్ సంస్థ దాదాపు 20 లక్షల మంది ఖాతాదారుల వివరాలను ఇతర కంపెనీలకు ఇచ్చి 4.4 కోట్ల హాంకాంగ్ డాలర్లు సంపాదించిందని 2010లో బయటపడింది. ఆ సంస్థ ముఖ్య అధికారి రాజీనామా చేయాల్సి వచ్చింది. అంత పేరున్న కార్డుకే ఇలా జరిగింది. మనకు 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం ఒకటే చాలదు, కార్డు నడిపే సంస్థతో రాసుకునే ఒప్పందంలోనే ఈ వివరాలు ఎవరికీ అమ్మకూడదన్న షరతు ఉండాలి.

పేర్లు తీసేసిన లెక్క మాత్రం జనానికి అందాలి. ఇన్నేళ్లుగా లెక్క కోసం ఇంత కష్టపడ్డాం, ఆ లెక్కతో బస్సు ఎక్కేవాడికి ఏం చేశాం? ఇవాళ సున్నా టికెట్ల వల్ల ఈ జిల్లాలో ఆడవాళ్లు ఏ స్టేజీలో, ఏ గంటలో, ఎంతమంది ఎక్కుతున్నారో తెలుస్తోంది. ఈ సమాచారం రీయింబర్స్‌మెంటు బిల్లుతో ఆగిపోకూడదు. రాత్రి షిఫ్టు దిగే అమ్మాయిల కోసం మధురవాడ వైపు ఒక ట్రిప్పు పెంచడానికి, ఖాళీగా తిరిగే బస్సును కంచరపాలెం మీదుగా మళ్లించడానికి అది పనికిరావాలి.

చివరగా మెట్రో. ప్రతిపాదనలో మొదటి దశ సుమారు 46 కిలోమీటర్లు, మూడు కారిడార్లు. స్టీల్‌ప్లాంట్ వైపు నుంచి కొమ్మాది దాకా పొడవైనది ఒకటి, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు దాకా ఒకటి, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు దాకా ఒకటి. ఆనందపురం నుంచి పాత పోస్టాఫీసుకు వెళ్లే మనిషిని ఊహించుకోండి. కొమ్మాది దాకా బస్సు, తర్వాత మెట్రో, గురుద్వారా దగ్గర ఇంకో మెట్రో, దిగాక కొంత దూరం ఆటో. బస్సు, మెట్రో, ఆటో ఎవరికి వారు కనీస చార్జీ తీసుకుంటే ఆయన మళ్లీ సొంత స్కూటరే తీస్తాడు. బస్సు, మెట్రో కలిపి మొత్తం దూరానికి ఒకే చార్జీ ఉండాలి. సింగపూర్ 2010లో ఈ పని చేసింది. లండన్‌లో 2016 నుంచి ఒక బస్సు ఎక్కిన గంటలోపు ఇంకో బస్సెక్కితే రెండో దానికి చార్జీ లేదు. కార్డు, రీడర్లు వచ్చాక ఇది సాంకేతికంగా కష్టమైన పని కాదు. ఆర్టీసీ, మెట్రో కార్పొరేషన్ ఒక బల్ల దగ్గర కూర్చుని వచ్చిన డబ్బును ఎలా పంచుకోవాలో రాసుకోవడమే కష్టం.

అందుకే గేట్లు, రీడర్లు కొనే టెండరు పత్రం వచ్చినప్పుడు నాలాంటివాళ్లు ముందు రేటు చూడరు. కామన్ మొబిలిటీ కార్డు బస్సులోనూ మెట్రోలోనూ చెల్లుతుందా, మారి ఎక్కేవారికి రాయితీ లెక్కను సాఫ్ట్‌వేర్‌లో మొదటి రోజు నుంచే అడిగారా, నగదు కౌంటరు ప్రతి స్టేషన్‌లో ఉందా, సమాచారం కాంట్రాక్టరుదా ప్రభుత్వ సంస్థదా అన్నవి చూస్తారు. ఈ నాలుగూ పరికరాలు బిగించాక అడిగితే ప్రతిదానికీ అదనపు బిల్లు వస్తుంది. బస్సులకు విడిగా దారి ఉండే బీఆర్‌టీఎస్ పేరుతో పెందుర్తి, సింహాచలం దారుల్లో రోడ్లు వేసుకున్నాం. బస్టాపులోనే టికెట్ తీసుకుని ఎక్కే ఏర్పాటు కూడా ఆ రోజుల్లోనే అడిగి ఉండాల్సింది. మెట్రోకు ఇంకా సమయం ఉంది. ప్రశ్నలుంటే చెప్పండి, ముందు వెనక వరసలో ఉన్న అమ్మగారికి మైకు ఇవ్వండి.